పంచాంగములలో దాగిన పైకము

పోయిన నెల ఈ శీర్షికలో పాతచీరల జరీని చీకిపోకుండ కాపాడుకొను విధమును ముచ్చటించుకొంటిమి. ఈ నెలయు పెట్టె యడుగున నుండు వస్తువునుగూర్చియే వ్రాయబూనితిని గాని, యిది కట్టుకొనునదియు గాదు, పెట్టుకొనునదియు గాదు. ఒకనాడు దీని నిచ్చినచో బంగారము వచ్చెడిది. మఱియొకనాడు దీనికి గిద్దెడు ఉప్పయినను రాకపోయెను. నేడు మరల దీనిని అద్దమువంటి పలుచని పొరల నడుమ నుంచి, కన్నులకద్దుకొని చూచువారు కలరు. అది పాత కాగితపు రూపాయి. చెల్లని నోటునకు మనకేమి పని యని మీరనవచ్చును. నేనును ఒకప్పుడట్లే యనుకొన్నదానను.

సికిందరాబాదులోని మా యిల్లు మావారి తాతగారి నాటిది. మావారు బడిపంతులు. వారి బాపమ్మగారు 2019లో తమ యెనుబదితొమ్మిదవ యేట స్వర్గస్థులైరి. ఆమె ట్రంకుపెట్టెను మూడేండ్లవఱకు మే మెవ్వరమును ముట్టలేదు. ఒక భోగిపండుగకు ముందటి రాత్రి మంటలో వేయుటకై పాతసామాను ఏరుచుండగా, మా యత్తగారు ఆ పెట్టెను కూడ తెఱపించిరి. అందు రెండు నేతచీరలు, ఒక రాగి ఉద్ధరిణె, విరిగిన కాటుకబరిణె, పసుపుతాటితో బిగించి కట్టిన పాతపంచాంగముల కట్ట యుండెను. “చెదలు తక్కిన సామానునకు ప్రాకకమునుపే ఆ పంచాంగములను మంటకు వేఱుగ పెట్టు మమ్మాయీ” యని అత్తగారనిరి. ఎన్నడో గడచిపోయిన సంవత్సరముల తిథివారములు ఎవరికి గావలెను?

మా నాయనగారు నాకు చిన్ననాడు అమరముతోబాటు పంచాంగము చూచుటయు నేర్పిరి. ఆ చాపల్యముచేత, కాలబోవు పంచాంగమునందలి రాజెవరో, మంత్రి యెవరో చూడవలెనని ముడి విప్పితిని. పైది మన్మథ. దాని క్రింద జయ, విజయ. అడుగున నందన, అనగా 1952–53. ఆ నందన పంచాంగము ఆషాఢమాసపు పుటలకడ తెఱచుకొని, నా యొడిలో కాగితముల మడత యొకటి పడినది. విప్పి చూతును గదా, పదిరూపాయల నోట్లు పండ్రెండు, రూపాయినోట్లు ఇరువది. వానిమీద గాంధీగారును లేరు, మూడుసింగములును లేవు. ఉర్దూ అక్షరములు తీగవలె అల్లుకొని యుండెను. వానితో బాటు ఇంగ్లీషున, తెలుగున, మరాఠీలో, కన్నడములో నోటు వెల వ్రాసియుండెను. మడత నడుమ వ్రేలెడంత చీటి. దానిమీద బాపమ్మగారి గుండ్రని చేవ్రాలుతో రెండే మాటలు: “అమ్మాయి గొలుసుకు.”

మఱునాటి యుదయమున భోగిమంట మండినది గాని పంచాంగముల కట్ట మంటలో పడలేదు.

ఇక నా తెలివితక్కువను చెప్పుకొనవలెను. ఇతరులు నావలె చేయకుండుటకే దీనిని దాచక వ్రాయుచున్నాను. ఆ నోట్లు మడతలు పడి, పసుపుమరకలు తగిలి యున్నవి. ఇంటికి వచ్చువారికి చూపవలెనను నుత్సాహముచేత పదిరూపాయల నోటొకటి తడిగుడ్డతో తుడిచి, పైన పలుచని బట్ట పఱచి ఇస్త్రీపెట్టెతో సాపు చేసితిని. మరక పోలేదు సరిగదా, రంగు అలుకుకొనిపోయెను, మడతకడ కాగితము రెండుగ చీలెను. చీలినదానిని అతుకుటకు పిల్లల పుస్తకములకు వేయు అంటుటేపు వేసితిని. ఒక తప్పును కప్పిపుచ్చుటకు రెండవది, రెండవదానికి మూడవది. అప్పుడు మావారు చూచి, “పిల్లలు పలక పగులగొట్టినచో కోపపడుదువు గదా!” యని మాత్రమనిరి. అంతకంటె తిట్టియున్నను బాగుండెడిది.

ఆ మఱునాడే ఒక పాతసామానుల వర్తకునికి ఒక నోటు చూపగా, అతడు తల యెత్తకయే, “ఇవి చెల్లనివి. కట్ట మొత్తము ఇచ్చినచో ఏదో ఒకటి ఇత్తు”నని యొక వెల చెప్పెను. ఆ వెలకు నేటి బంగారపు ధరలో గొలుసు కొక్కెమైనను రాదు. మా వీధి చివర విశ్రాంత రైల్వే ఉద్యోగి యొకరున్నారు. డెబ్బదియేండ్లు దాటినవారు. నోట్లు సేకరించుట వారికి బాల్యమునుండి వ్యసనము. మావారు వారిని ‘బాబాయిగా’రని పిలుతురు. వారికడకు పోయి చూపగా, ఆయన ముందు చేతులు కడుగుకొని, తుడుచుకొని, నోటు నంచులు మాత్రమే పట్టుకొని వెలుతురున కెత్తి చూచిరి. “తల్లీ, ఇవి మన యూరి చరిత్ర” యనిరి. ఆనాడు వారికడ వినినదానిని, పిమ్మట మావారు తెచ్చియిచ్చిన పుస్తకములలో చదివినదానిని ఇక్కడ సంగ్రహముగ చెప్పెదను.

హైదరాబాదు సంస్థానమునకు తన నాణెము తనకుండెడిది. దానిని ‘హాలీ సిక్కా’ యనిరి. హాలీ యనగా ఇప్పటిది, చెల్లుబడిలో నున్నది యని యర్థము. ఇంగ్లీషువారి రూపాయిని జనులు ‘కల్దారు’ అనెడివారు. హిందూస్తానీలో ‘కల్’ అనగా యంత్రము, కావున యంత్రమున అచ్చుపడినదని భావము. ఏడు హాలీ రూపాయలు ఆఱు కల్దార్లకు సమానము. నూఱు కల్దార్లు కావలెనన్న నూటపదునాఱు హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైసల నీయవలెను. మా సికిందరాబాదు ఇంగ్లీషుదండు విడిసిన ఊరు, హుస్సేనుసాగరమున కావల హైదరాబాదు నిజాముగారి రాజధాని. కట్టకు ఈవల కల్దారు, ఆవల హాలీ. కావున ఇక్కడి యిల్లాండ్రకు రెండు లెక్కలును నోటికి వచ్చియుండవలెను. జనరల్ బజారులో బట్ట కొన్నను, నగరములోని చుట్టముల యింట పెండ్లికి చదివింపులు చదివించినను, “ఏ రూపాయి?” యని అడిగి తెలిసికొననిచో మోసపోవుటే.

ఆ హాలీ రూపాయి మొదట వెండినాణెమే. కాగితముగ మారుటకు కారణము ఎక్కడనో జరిగిన యుద్ధము. 1914లో మొదలైన మహాసంగ్రామమువలన వెండికి కఱవు వచ్చెను. ఇంగ్లీషువారికి యుద్ధసహాయముగ నిజాముప్రభుత్వమును ధనమిచ్చెను. అందుచే 1918లో హైదరాబాదు కరెన్సీ చట్టము చేసి, పదిరూపాయల నోట్లను, నూఱురూపాయల నోట్లను వెలువరించిరి. 1919లో రూపాయి, అయిదురూపాయల నోట్లును, 1926లో వేయిరూపాయల నోటును వచ్చెను. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను పేర దీనిని ‘ఉస్మానియా సిక్కా’ యనిరి. మొదట ఇవి లండనునందలి వాటర్‌లో అను ముద్రాపకుల యొద్ద అచ్చుపడెడివి. నాసికములో నోట్ల ముద్రణాలయము వెలసిన పిమ్మట అక్కడ అచ్చు వేయించిరి. ఇంగ్లీషువారి నోటుమీద రాజుగారి ముఖముండెడిది. నిజాముగారి నోటుమీద ఆయన ముఖము లేదు, అక్షరములును అల్లికలును మాత్రమే.

నోటుమీది తేది ఫసలీ శకములో నుండును. దానికి 590 కలిపినచో ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. 1327 ఫసలీ యనగా 1917–18 అన్నమాట. సంతకమును చూచియు కాలము తెలిసికొనవచ్చునట. ఆర్థికమంత్రుల సంతకములు వానిమీద నుండును. సర్ అక్బర్ హైదరీగారు తమ బిరుదు ‘హైదర్ నవాజ్ జంగ్’ అని వ్రాసినవి యున్నవి. గులాం మొహమ్మదుగారి సంతకమున్నవియు నున్నవి. ఈయన పిమ్మట పాకిస్తానునకు 1951 మొదలు 1955 వఱకు గవర్నర్ జనరలుగ నుండెను. మా బాపమ్మగారు ఉప్పు పప్పుల ఖర్చులో మిగిల్చిన రూపాయిమీద ఎవరెవరి చేవ్రాళ్లు పడినవో చూడుడు!

బాబాయిగారు చెప్పినవానిలో నా మనస్సును మిక్కిలి పట్టుకొన్నది ఒక యోడ కథ. 1922 మే నెలలో ‘ఈజిప్టు’ అను పేరుగల పొగయోడ లండనునుండి బొంబాయికి బయలుదేఱెను. దానిలో పదిలక్షల పౌనులకు మించిన బంగారమును వెండియు నుండెను. వానితో నిజాముగారికై అచ్చువేసిన నోట్లును వచ్చుచుండెను. 20వ తేదిని ఫ్రాన్సుదేశపు తీరముకడ దట్టమైన పొగమంచులో ‘సేన్’ అను సరకుయోడ దీనిని గ్రుద్దెను. కొద్ది నిమిషములలో నోడ మునిగిపోయెను. ఎనుబదిమందికి పైగ ప్రాణములు పోయెను. నాలుగువందల యడుగులకు మించిన లోతు. అంతటి లోతునుండి వస్తువును తీయుట యప్పటికి ఎవరికిని చేతగాలేదు. ఎనిమిదేండ్లకు, 1930లో, ‘ఆర్తీల్యో’ అను ఓడలోని ఇటలీ గజయీతగాండ్రు దాని జాడ కనుగొనిరి. ఆ సంవత్సరముననే వేఱొక మునిగిన యోడను పేల్చుచుండగా, అందలి మందుగుండు అంటుకొని, ఆ గజయీతగాండ్ర నాయకుడగు అల్బెర్తో జాన్నియు పలువురు తోడివారును మరణించిరి. మిగిలినవారు పట్టు విడువక వేఱొక యోడతో వచ్చి, 1932 జూను 22వ తేదిని మొదటి బంగారమును పైకి తీసిరి. ఆ బంగారముతోబాటు సముద్రమడుగున పదేండ్లు నానిన నిజాముగారి నోట్లును వచ్చెను. అవి సంతకము పడనివి, కావున పైకముగ ఎన్నడును చెల్లలేదు. అయినను వానిలో కొన్ని నేడు సేకరించువారి యొద్ద భద్రముగ నున్నవి. చెల్లినవానికంటె చెల్లనివానికే గౌరవమెక్కువ! విధి యిట్టిది.

అదే పుస్తకమున బాబాయిగారు ఇంకొక నోటు చూపిరి. అది ఉక్రెయిన్ దేశపుది. పరదేశమందలి తోటి సేకర్త యొకరు మన హాలీ నోటొకటి తీసికొని, బదులుగ దానిని టపాలో పంపిరట. రష్యా చక్రవర్తి 1917లో పదవి విడిచిన పిమ్మట, ఆ సామ్రాజ్యమునుండి వేఱుపడిన ఉక్రెయిన్ జనరాజ్యము 1918 జనవరిలో నూఱు కర్బోవనెత్సుల నోటును వెలువరించెను. దానిని చిత్రించినవాడు హెయోర్హీ నార్బుత్ అను చిత్రకారుడు. దానిమీద త్రిశూలమువంటి చిహ్నమున్నది. నాకు ఆశ్చర్యము కలిగించినది అది కాదు. ఆ నోటుమీదను నాలుగు భాషలున్నవి: ఉక్రెయిన్ భాష, రష్యను, పోలిషు, అచ్చటి యూదులు మాటాడెడి యిడ్డిషు. అదే 1918లో ఇక్కడ మన నోటుమీద ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడములు అచ్చుపడెను. వేలమైళ్ల దూరములో నున్న రెండు రాజ్యములు ఒకదానినొకటి ఎఱుగవు. అయినను ఇరువురికిని ఒకే చింత: సంతలో కూరలమ్ము ముసలమ్మకు తన చేతిలోని కాగితము వెల తన లిపిలో తెలియవలెను గదా!

ఆ సంవత్సరముననే ఉక్రెయిన్ వారు ‘హ్రివ్న’ యను పేర క్రొత్తనోట్లను బెర్లినులో అచ్చువేయించిరి. అయిదువందల హ్రివ్నల నోటుమీద నార్బుత్ పూలదండ ముడిచిన పల్లెపడుచు శిరస్సును చిత్రించెను. జనులు దానికి ‘హొర్పింకా’ అని ముద్దుపేరు పెట్టుకొనిరట. చిల్లర చాలక తపాలాబిళ్లలను మందపుకాగితముమీద అచ్చువేసి నాణెములకు మాఱుగ చెల్లించిరి. కాని ఆ రాజ్యము నిలువలేదు. ప్రభుత్వములు ఒకదాని వెంట నొకటి మాఱెను. ఒకరి నోటు మఱియొకరు చెల్లదనిరి. నార్బుత్ తన ముప్పదినాలుగవ యేట 1920లో మరణించెను. ఆ నోట్లు చెల్లిన దినములు కొద్ది, అచ్చయినవి మెండు. అందుచే వానిలో పెక్కు నేటికిని సామాన్యులకు అందు వెలకే దొరకునట. డెబ్బదియెనిమిదేండ్లు గడచిన పిమ్మట, 1996లో, స్వతంత్రమైన ఉక్రెయిన్ తన నాణెమునకు మరల హ్రివ్న యనియే పేరు పెట్టుకొన్నది. ఆ పూలదండ పడుచును చూచినపుడు, ఎందఱు ఇల్లాండ్రు ఆ నోట్లను చెంగున ముడివేసికొని, తెల్లవారి చూచుకొనునప్పటికి అవి చెల్లనివైనవని యేడ్చిరో యని నాకు తోచినది.

ఇక మనకు పనికివచ్చు మాట. మీ యిండ్లలో పాతనోట్లున్నచో ఏమి చేయవలెను?

మొదటిది, కడుగవలదు, తుడువవలదు, ఇస్త్రీ చేయవలదు. ఇవి నేను చేసి చూచినవే. మరక గల నోటు మరకతోనే యుండుట మేలు. రెండవది, అంటుటేపు, జిగురు తగులనీయవలదు. టేపు కొన్నాళ్లకు పసుపువన్నెకు తిరిగి, కాగితమును తినివేయును. రెండువైపులను ప్లాస్టికు కరిగించి అతికించు లామినేషను అంతకంటె చెఱుపు. అది అతికిన నోటు తిరిగి రాదు. మూడవది, అంగళ్లలో దొరకెడి మెత్తని, వాసనవేయు ప్లాస్టికు సంచులలో పెట్టవలదు. పాలియెస్టరు పొరలని అడిగి తీసికొనుడు. అవి గరగరలాడును, వాసన యుండదు. నోటును మడత విప్పి, చదునుగ అందుంచి, ఎండ తగులని పొడిచోట నుంచవలెను. వంటయింటి యటుకుమీద పొగ, గోడ బీరువాలో వానకాలపు చెమ్మ, రెండును శత్రువులే. కలరాయుండలను నోట్లకు తగులునట్లు వేయరాదు. నాలుగవది, అంచులు మాత్రమే పట్టుకొనుడు. మన చేతుల చమురు మన కంటికి కనబడదు గాని కాగితము మఱవదు.

అయిదవది అన్నిటికంటె ముఖ్యము. నోటుతోబాటు ఒక చీటి వ్రాసి పెట్టుడు: ఎవరిది, ఎక్కడ దొరకినది, ఎవరు దాచినది. అంగడిలో కొన్న నోటునకు వెల మాత్రమే యుండును. ఇంటిలో దొరకినదానికి కథయు నుండును. కథ పోయిన నోటు తల్లిలేని బిడ్డవంటిది.

మఱియొక జాగ్రత్త. 2016లో రద్దయిన అయిదువందల, వేయిరూపాయల నోట్లను జ్ఞాపకార్థము దాచుకొనువారు కలరు. 2017లో చేసిన చట్టము ప్రకారము అట్టివి పదింటికి మించి ఎవరియొద్దను ఉండరాదు. చదువునకో, పరిశోధనకో, నాణెముల సేకరణకో అయినచో ఇరువదియైదువఱకు ఉండవచ్చును. కావున వానిని కట్టలుగ పేర్చి పెట్టుకొనవలదు.

ఇదంతయు నేర్చుకొన్న పిమ్మట మిగిలినది అసలు ప్రశ్న. ఆ నోట్లు ఎవరివి? చీటిమీద “అమ్మాయి” యని యున్నది. బాపమ్మగారికి ఆడబిడ్డ యొక్కతయే, మావారి మేనత్తగారు. ఆమెకిప్పుడు డెబ్బది దాటినవి. కబురంపగా వరంగల్లునుండి వచ్చిరి. చీటిని చేతబట్టుకొని చాలసేపు మాటాడలేదు. పిమ్మట అత్తగారివైపు తిరిగి, “వదినా, నా పెండ్లినాడు అమ్మ తన మెడలోని గొలుసు తీసి నా మెడలో వేసినది. నాటినుండి పోవువఱకు పసుపుతాటికే పుస్తెలు కట్టుకొన్నది. ఏదో మ్రొక్కని చెప్పినది. మేమందఱమును మ్రొక్కే యనుకొన్నాము” అనిరి.

నూటనలువది హాలీ రూపాయలు. ఏడుకు ఆఱు చొప్పున నూటయిరువది భారతరూపాయలు. ఆనాటి ధరకు తులము బంగారము కొన్న పిమ్మటను కొంత మిగిలియుండును. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున చేరెను. 1950 మొదలు మన రూపాయి హాలీతోబాటు చెల్లుచు వచ్చెను. కొలదికాలమునకు హాలీ వెలువడుట నిలిచెను. 1959 నాటికి పూర్తిగ చెల్లుబాటు పోయెను. మార్చుకొనుటకు గడువు లేకపోలేదు, ఏండ్లకొలది యుండెను. మఱి బాపమ్మగారేల మార్చుకొనలేదు?

మేనత్తగారే చెప్పిరి. “మార్చవలెనన్న మగవారి చేతికీయవలెను గదా! ఇచ్చినచో ఎక్కడిదని అడుగుదురు. నాయన చెడ్డవాడు కాడు గాని పైసకు లెక్క అడుగువాడు. ఆ లెక్కలో తగ్గించి దాచినదని చెప్పుటకు అమ్మకు నోరు రాలేదు. నేడు చెప్పెదను, రేపు చెప్పెదనని యుండును. రేపు గడచిపోయినది.”

అప్పుడు నాకొకటి జ్ఞప్తికి వచ్చినది. 2016 నవంబరు 8వ తేది రాత్రి అయిదువందల, వేయిరూపాయల నోట్లు చెల్లవని ప్రకటించినపుడు బాపమ్మగారు టెలివిజను ముందు కూర్చుండియుండిరి. మఱునాడు తెల్లవారకమునుపే అత్తగారిని, నన్ను లేపి, తలుపు వేసి, “బియ్యపుడబ్బాలో, పోపులపెట్టెలో, చీరమడతలలో మీరేమి దాచినను నేడే తీసి వాని చేతికిచ్చి బ్యాంకులో వేయించుడు. సిగ్గుపడవలదు. నేనడుగను, ఎవరిని అడుగనీయను” అనిరి. అత్తగారివి పదుమూడు నోట్లు, నావి నాలుగు. మావారు ఏమియు అడుగక అన్నియు జమచేసి వచ్చిరి. బ్యాంకు గడప యెన్నడును త్రొక్కని యెనుబదియాఱేండ్ల ముసలమ్మకు అంత తొందర యేలనో మాకప్పుడు తెలియలేదు. ఆ సమయముననైన తన పంచాంగముల మాట చెప్పలేదు. మమ్ములను కాపాడినదేగాని తన నష్టమును మాకు చూపలేదు.

సోదరీమణులారా! దాచుట తప్పని నేనను. మన తల్లులు ముంతలలో దాచిన పైకము ఎన్ని సంసారములను ఒడ్డు చేర్చినదో మనకెఱుకే. కాని ఎవరికిని తెలియని ధనము చెఱువులో పడవేసిన ధనమువంటిది. నోటు రాజ్యమునకు కట్టుబడిన కాగితము. రాజ్యము మాట మార్చుకొన్ననాడు అది మన పెట్టెలోనున్నను మనది కాదు. 1946లోను, 1978లోను పెద్దనోట్లు రద్దయినవి. 2016 సంగతి మీరెఱుగుదురు. 2023లో రెండువేల నోట్లను ఉపసంహరించుకొనిరి. కావున మీ పేర నొక ఖాతా పెట్టుకొనుడు. దానికి వారసుల పేరు వ్రాయించుడు. కూతురికో, కోడలికో, తోబుట్టువునకో, నమ్మకమైనవారు ఒక్కరికైన చెప్పియుంచుడు. భర్తలారా, ఈ పుట మీ కంటబడినచో మీకును ఒక మాట: ఇల్లాలు దాచినది బయటపెట్టిననాడు ‘ఎక్కడిది?’ అని మాత్రమడుగవలదు. ఆ ఒక్క ప్రశ్నకు వెఱచియే మా యింట తులము బంగారము డెబ్బదియేండ్లు పంచాంగములలో కాగితమై యుండిపోయెను.

నోట్లను అమ్మవలదని మేనత్తగారు తీర్మానించిరి. చీటిని, ఒక పదిరూపాయల నోటును తాము తీసికొనిరి. తక్కినవానిని నాకే యప్పగించి, “నీవు ముడి విప్పితివి గనుక నీవే కాపాడు” అనిరి. నేడవి పాలియెస్టరు పొరలలో, నందన పంచాంగము ప్రక్కన నున్నవి. నేను ఇస్త్రీ చేసి చెఱచిన నోటును కూడ తీసివేయలేదు. దాని ప్రక్కన, “ఇది నేను చేసిన తప్పు” అని వ్రాసి, నా పేరును తేదియు వేసి పెట్టితిని.

ఈ సంగతి చదివి మీ యింటి పెట్టె యడుగున మీకేమి దొరకినను, ముందు దానిని ఆరనీయుడు. పిమ్మట ఇంటిలోని పెద్దలను కూర్చుండబెట్టి అడుగుడు. చెప్పగలవారుండగనే అడుగుడు.